కాంక్రీటు పొట్టేలు ఇల్లు మారింది

ఊరికి అన్నం పెట్టిన పండునో, జీవాన్నో మేడంత బొమ్మ చేసి రోడ్డు పక్కన నిలబెట్టడం ఆస్ట్రేలియా చిన్న పట్టణాల సరదా. పంట వలస పోయి, రహదారి కూడా మొహం చాటేశాక ఆ బొమ్మలు ఎవరి కోసం నిలబడ్డాయి?

2007 మే 26న గోల్‌బర్న్‌లో ఒక పొట్టేలు ఇల్లు మారింది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే దారిలో దాదాపు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ పట్టణం ఉన్నికి పెట్టింది పేరు. పొట్టేలు ఇల్లు మారడం వింతేమీ కాదు. కానీ ఈ పొట్టేలు ఎత్తు 15 మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడంత. పొడవు 18 మీటర్లు. బరువు 97 టన్నులు. ఒళ్లంతా ఇనుప చట్రం మీద కాంక్రీటు. ఉన్ని ముడతలు, మెలి తిరిగిన కొమ్ములు, ఇంకా పొట్టేలుకు ఉండాల్సిన సమస్త అవయవాలూ దాచకుండా పోత పోసిన ఈ విగ్రహం ముద్దుపేరు రాంబో. దాన్ని భారీ వాహనం మీదికెక్కించి, రోడ్డు వెంబడి నత్తనడకన సుమారు 800 మీటర్లు తీసుకెళ్లి కొత్త చోట దించారు.

ఇంత శ్రమ దేనికంటే, రోడ్డు మారిపోయింది కాబట్టి. 1985 సెప్టెంబరులో రాంబోను నిలబెట్టినప్పుడు హ్యూమ్ హైవే గోల్‌బర్న్ నడివీధి గుండా పోయేది. సిడ్నీ, మెల్‌బోర్న్, కాన్‌బెరాల మధ్య తిరిగే ప్రతి కారూ, ప్రతి లారీ పొట్టేలు కాళ్ల ముందు నుంచే వెళ్లాలి. ఆగినవాళ్లు పెట్రోలు పోయించుకుంటారు, టీ తాగుతారు, పిల్లలకు ఉన్ని బొమ్మ కొంటారు. 1992లో బైపాస్ తెరుచుకుంది. కార్లు ఊరిని తప్పించుకుని వెళ్లిపోయాయి. పొట్టేలు కడుపులోని ఉన్ని మ్యూజియానికీ, దుకాణానికీ గిరాకీ తగ్గింది. పదిహేనేళ్లు చూసి చూసి, కారు పొట్టేలు దగ్గరికి రాకపోతే పొట్టేలే కారు దగ్గరికి వెళ్లాలని నిర్ణయించారు. ఇప్పుడది హైవే నుంచి ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆస్ట్రేలియాలో ఇలాంటి బొమ్మలు 150కి పైనే ఉన్నాయి. అక్కడి జనం వాటిని 'బిగ్ థింగ్స్' అని పిలుస్తారు. అరటిపండు, అనాసపండు, మామిడిపండు, బంగాళదుంప, రొయ్య, ఆల్చిప్ప, లాబ్‌స్టర్... జాబితా ఒక పెద్ద సంతను తలపిస్తుంది. మన ఊళ్లలో నాలుగు రోడ్ల కూడలి దొరికితే నాయకుడి విగ్రహం లేస్తుంది, వేలు ఏదో ఒక దిక్కుకు చూపిస్తూ ఉంటుంది. అక్కడ ఆ గౌరవం పంటకు దక్కింది. 2007లో ఆస్ట్రేలియా తపాలా శాఖ ఐదు బొమ్మలను స్టాంపుల మీదికి ఎక్కించింది. 2023లో రాయల్ ఆస్ట్రేలియన్ మింట్ వాటిని డాలరు నాణేల మీద అచ్చు వేసింది. ఒకప్పుడు నగరవాసులు నాటు అభిరుచి అని ముక్కు విరిచిన సరుకే కాలం గడిచేసరికి జాతీయ చిహ్నమైంది.

అయితే స్టాంపు మీదికి ఎక్కిన బొమ్మ వెనక చాలాచోట్ల ఆ పరిశ్రమ కనిపించదు. గోల్‌బర్న్ కథే చూడండి.

మద్దతు ధర మింగిన మంద

రాంబోను కట్టే నాటికి ఆస్ట్రేలియాలో ఉన్ని అంటే బంగారం. రైతు నష్టపోకుండా కనీస ధర హామీ పథకం 1970ల నుంచీ ఉంది. మార్కెట్లో ధర పడిపోతే ఉన్ని సంస్థే కొని గోదాముల్లో పెట్టేది. మన పత్తి రైతుకూ, పొగాకు రైతుకూ ఈ లెక్క బాగా తెలుసు. 1988లో ఈ కనీస ధరను కిలోకు 870 సెంట్లకు పెంచారు. ధర ఖాయమనేసరికి రైతులు గొర్రెలను పెంచుకుంటూ పోయారు. 1990 నాటికి దేశంలో గొర్రెల సంఖ్య దాదాపు 17 కోట్లు, అంటే మనిషికి పది గొర్రెలు. సరిగ్గా అప్పుడే కొనుగోలుదార్లు తగ్గారు. సోవియట్ యూనియన్ కుదేలవుతోంది, చైనా వెనక్కి తగ్గింది. గోదాముల్లో బేళ్లు గుట్టలు పడ్డాయి. కనీస ధరను 700 సెంట్లకు దించినా ఫలితం లేకపోయింది. 1991 ఫిబ్రవరిలో పథకాన్నే ఎత్తేశారు. అప్పటికి పోగుపడిన నిల్వ 47 లక్షల బేళ్లు. దాన్ని అమ్ముకోవడానికి పదేళ్లు పట్టింది.

మేతకు కూడా గిట్టని గొర్రెలను లక్షల సంఖ్యలో కాల్చి గోతుల్లో పూడ్చిపెట్టారు. జీవాలను బిడ్డల్లా సాకిన రైతులే తుపాకీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కరవులు వచ్చాయి, కొందరు మాంసం గొర్రెలకు మారారు, కొందరు గోధుమకు మారారు. 2010 నాటికి దేశంలో గొర్రెలు 7 కోట్లకు దిగొచ్చాయి. అంటే ధర పథకం కూలిన మరుసటి ఏడాదే బైపాస్ కూడా వచ్చి, గోల్‌బర్న్ మీద రెండు దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. ఉన్ని పూర్తిగా పోలేదు. చుట్టుపక్కల కొండల మీద సన్న ఉన్ని మెరీనోలు ఇప్పటికీ మేస్తున్నాయి. ఆ ఉన్నిలో అత్యధిక భాగం చైనా మిల్లులకు పోతుంది. కానీ బొమ్మను కట్టిన రోజుల్లో ఉన్న ధీమా మాత్రం తిరిగి రాలేదు.

దుకాణం ముందు అరటిపండు

ఈ పిచ్చికి మొదటి బీజం ఎవరిదన్నది అక్కడ తెగని పంచాయితీ. 1963లో అడిలైడ్‌లోని ఒక మోటెల్ ముందు పెట్టిన ఐదు మీటర్ల స్కాట్లండ్ దేశస్థుడి బొమ్మ అన్నిటికన్నా పాతదని ఒక వాదన. కానీ అది ఒక హోటలు ప్రకటన మాత్రమే. ఊరి పంటను కొలిచిన మొదటి పెద్ద బొమ్మ ఏదంటే అందరి వేలూ సిడ్నీకి ఉత్తరాన 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కాఫ్స్ హార్బర్ వైపే చూపిస్తుంది.

అక్కడి అరటి తోటల యజమాని జాన్ లాండీ అమెరికాలో పుట్టినవాడు, చదివింది కీటక శాస్త్రం. పసిఫిక్ హైవే పక్కన అరటిపండ్ల అంగడి పెట్టాడు. కార్లు ఆగడం లేదు. హవాయిలో డోల్ కంపెనీ తన కేనరీ మీద నీళ్ల ట్యాంకును అనాసపండు ఆకారంలో కట్టిన సంగతి అతనికి తెలుసు. అదే ఎత్తు ఇక్కడ వేశాడు. 1964 డిసెంబరు 22న, సరిగ్గా క్రిస్మస్ సెలవులకు ముందు, 13 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తున్న పచ్చటి అరటిపండు రోడ్డు పక్కన తెరుచుకుంది. తెరుచుకుంది అనడమే సబబు, ఎందుకంటే అది బోలు. ఈ కొస నుంచి లోపలికి వెళ్లి ఆ కొస నుంచి బయటికి రావచ్చు. కార్లు ఆగాయి. ఎంతగా ఆగాయంటే, ఆ తర్వాత పాతికేళ్లలో దేశంలోని ప్రతి హైవే మీదా ఎవరో ఒకరు తమ ఊరి పంటను కొలతలు పెంచి కట్టడం మొదలుపెట్టారు.

ఆ కాలం కూడా కలిసొచ్చింది. మధ్యతరగతి ఇంటి ముందుకు కారు వచ్చింది. జీతంతో కూడిన సెలవులు వచ్చాయి. పిల్లల్ని వెనక సీట్లో కుక్కుకుని వందల కిలోమీటర్లు పోయే కుటుంబాలకు ఎక్కడ ఆగాలన్నది పెద్ద సమస్య. అరటిపండు కనబడగానే వెనక సీటు నుంచి కేకలు లేస్తాయి. లాండీ లెక్క అదే. ఇప్పుడు సిడ్నీ నుంచి గోల్డ్‌కోస్ట్‌కు కారులో బయల్దేరే తెలుగు కుటుంబాలకూ అక్కడ ఫొటో దిగడం ఆనవాయితీ అయిపోయింది.

అంగడి కాస్తా వినోదాల పార్కయింది. జారుడు బండ్లు, మంచు మీద స్కేటింగ్, నీళ్ల ఆటలు ఉన్నాయి. ఈలోగా అసలు అరటి మాత్రం ఉత్తరానికి తరలిపోయింది. కాఫ్స్ హార్బర్ ఒకప్పుడు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికే అరటి రాజధాని. నిటారు కొండ వాలుల మీద, యంత్రం పోలేని చోట, మనిషి భుజం మీద గెలలు మోసే సేద్యం అది. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ ప్రాంతాల బల్లపరుపు నేలలో, ఎడతెగని వానలో, ట్రాక్టరు తిరిగే తోటల్లో పండే పండుతో ఇది పోటీ పడలేకపోయింది. ఇప్పుడు ఆస్ట్రేలియా తినే అరటిలో 90 శాతానికి పైగా అక్కడిదే. దేశం మొత్తం పంటను ఒకే చోట పెట్టుకోవడం ఎంత ప్రమాదమో 2006 మార్చిలో లారీ తుపాను చెప్పింది. ఇన్నిస్‌ఫెయిల్ తోటలు నేలమట్టమయ్యాయి, నెలల తరబడి దేశమంతటా అరటిపండు ధర ఆకాశాన్నంటింది. 2011 ఫిబ్రవరిలో యాసి తుపాను అదే పాఠాన్ని మళ్లీ చదివించింది.

పండు ఉంది, రైతు లేడు

పెద్ద అరటిపండు చెప్పని కథ ఒకటి ఉంది. అది కాఫ్స్ హార్బర్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలోని వుల్గూల్గాలో కనిపిస్తుంది. హైవే దిగి ఊళ్లోకి తిరగ్గానే ఎదురయ్యేవి తెల్లటి గుమ్మటాలు. గురునానక్ గురుద్వారా అది. ఆస్ట్రేలియాలో తొలి సిక్కు మందిరం 1968లో ఈ చిన్న సముద్రతీర పట్టణంలోనే తెరుచుకుంది. సిడ్నీలోనూ కాదు, మెల్‌బోర్న్‌లోనూ కాదు.

పంజాబీలు 19వ శతాబ్దం చివర్లోనే అక్కడికి చేరుకున్నారు. ఊరూరా తిరిగి బట్టలు, దారాలు అమ్మేవాళ్లు కొందరు, చెరుకు నరికేవాళ్లు కొందరు. 1901లో వలస నిరోధక చట్టం వచ్చింది. యూరపు భాషల్లో ఏదో ఒక దానిలో అధికారి 50 మాటలు చదువుతుంటే తప్పుల్లేకుండా రాయాలి. భాషను ఎంచేది అధికారే. ఇక గట్టెక్కేదెవరు? శ్వేత ఆస్ట్రేలియా విధానం అంటే ఇదే. అప్పటికే ఉన్నవాళ్లు ఉండిపోయారు, కొత్తవాళ్లకు తలుపులు మూసుకున్నాయి. అరటికి కూడా ఈ జాతి పరీక్ష తప్పలేదన్నది చాలామందికి తెలియని సంగతి. 1921లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 'అరటి పరిశ్రమ పరిరక్షణ చట్టం' తెచ్చింది. అదే డిక్టేషన్ పరీక్ష నెగ్గితే తప్ప శ్వేతేతరులు అరటి తోటలో పని చేయడానికి వీల్లేదు. చీనీయుల్నీ, భారతీయుల్నీ పక్కకు నెట్టడానికే ఆ పరిరక్షణ. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి ఆస్ట్రేలియా సమాఖ్య ఎన్నికల్లో ఓటు దక్కడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎవరికి తలుపు మూశారో, రెండో ప్రపంచ యుద్ధం వాళ్లకే తలుపు తెరిచింది. తోటల్లో పనిచేసే కుర్రాళ్లు సైన్యంలోకి పోయారు. కూలీలు దొరక్క వుల్గూల్గా చుట్టుపక్కల యజమానులు సిక్కులను పిలిచారు. కూలికి వచ్చినవాళ్లు కౌలుకు తీసుకున్నారు, కౌలుదార్లు భూమి కొన్నారు. శ్వేతజాతి రైతులు వద్దనుకున్న నిటారు వాలులే వాళ్లకు ముందు దొరికాయి. ఒక తరం గడిచేసరికి ఆ ప్రాంతపు అరటి తోటల్లో చాలావరకు సిక్కు కుటుంబాల చేతుల్లోకి వచ్చాయి. వాళ్లలో అత్యధికులు పంజాబ్‌లోని దోఆబ్ నుంచి వచ్చినవాళ్లు. బొమ్మల పిచ్చి వాళ్లకూ కొత్త కాదనుకోవాలి. ఆ దోఆబ్‌లోనే, జలంధర్ చుట్టుపక్కల ఊళ్లలో, విదేశాలకు పోయినవారి ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు విమానాల ఆకారంలో, ఫుట్‌బాల్ ఆకారంలో లేచి ఉంటాయి.

కాఫ్స్ హార్బర్‌లో అరటిని దశాబ్దాల పాటు బతికించింది ఈ కుటుంబాలే. అయినా బిగ్ బనానా అనగానే ఆస్ట్రేలియన్ల మనసులో మెదిలేది ఎండ, సెలవులు, చిన్ననాటి కారు ప్రయాణం. తలపాగా చుట్టుకుని గెల మోసే మనిషి కాదు. అతని కథ కోసం వుల్గూల్గాలోని సిక్కు వారసత్వ మ్యూజియానికి వెళ్లాలి. 2006లో ఊరి వాళ్లు మొదలుపెట్టిన 'కర్రీఫెస్ట్' కూడా ఒక రకంగా ఆ లోటును పూడ్చే ప్రయత్నమే. భాంగ్రా, తలపాగా కట్టడం, వంటల ఘుమఘుమలతో ఒక రోజంతా ఊరు సందడిగా ఉంటుంది.

అరటి గిట్టుబాటు కాక ఆ కుటుంబాలు బ్లూబెర్రీకి మారాయి. ఇప్పుడు వుల్గూల్గా కొండల మీద అరటి ఆకుల పచ్చదనం బదులు తెల్లటి వలల కప్పులు కనిపిస్తాయి. పంట కొత్తది, గొడవలు కొత్తవి. తోటల ఎరువులు వాగుల్లోకి చేరుతున్నాయని సదరన్ క్రాస్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కలు తీశారు. వాన పడినప్పుడు నైట్రేట్ మోతాదు అమాంతం పెరుగుతోందని తేలింది. ఇక పండు కోసే చేతుల సంగతి. బ్లూబెర్రీ ఒక్కొక్కటీ చేత్తో కోయాల్సిన పండు. ఆ పని చేసేది వీసా మీద వచ్చిన విదేశీ కుర్రాళ్లు, పసిఫిక్ దీవుల కూలీలు, విద్యార్థులు. కిలోకు ఇంత అని కట్టే కూలి రోజంతా కష్టపడినా కనీస వేతనానికి ఆమడ దూరంలో ఉంటోందని యూనియన్లు పోరాడాయి. 2021 నవంబరులో ఫెయిర్ వర్క్ కమిషన్ ఆ వాదనతో ఏకీభవించింది. కిలో లెక్కన కట్టినా గంటకు కనీస వేతనం తగ్గకూడదన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఎనభై ఏళ్ల కింద ఆ వాలుల మీద కూలికి చేరినవారి మనవలు ఈసారి వేతనం ఇచ్చే వైపు నిలబడ్డారు.

బిగ్ బనానాకు కూడా ఇప్పుడు రాంబో గండం పట్టుకుంది. కాఫ్స్ హార్బర్ ఊరి మధ్యలోంచి పోయే పసిఫిక్ హైవేను తప్పిస్తూ 14 కిలోమీటర్ల బైపాస్‌కు 2020లో అనుమతి వచ్చింది. పడమటి కొండల్లో మూడు సొరంగాలు తవ్వే పథకం అది. సొరంగంలో పోయే కారుకు అరటిపండు కనబడదు. అయితే అరవై ఏళ్లలో దాని పేరు రోడ్డు కన్నా పెద్దదైందనీ, వెతుక్కుని వచ్చేవాళ్లు వస్తారనీ ధీమా పడేవారున్నారు. పొట్టేలు విషయంలో ఆ ధీమా ఎంత నిలబడిందో చూశాం.

గుర్రాలతో పోయి టెంకలతో వచ్చారు

క్వీన్స్‌లాండ్ తీరంలోని బోవెన్‌లో ఉన్నది మామిడిపండు. 2002లో 90 వేల డాలర్లు పోసి కట్టిన ఈ పది మీటర్ల పండు 2014 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి మాయమైంది. క్రేను వేసుకొచ్చి మరీ ఎత్తుకెళ్లారని దేశమంతా గగ్గోలు పుట్టింది. తీరా చూస్తే అది ఒక చికెన్ రెస్టారెంట్ల కంపెనీ ఆడించిన ప్రచార నాటకం. పండు దగ్గర్లోనే పొదల మాటున దొరికింది.

ఆ బొమ్మ కన్నా అందులోని పండు కథ ఆసక్తికరం. బోవెన్ మామిడిగా పేరుపడిన 'కెన్సింగ్టన్ ప్రైడ్' దశాబ్దాల పాటు ఆస్ట్రేలియా మార్కెట్‌ను ఏలిన రకం. పసుపు పచ్చటి తొక్క మీద ఎర్రటి చాయ, చివర్న కాస్త టర్పెంటైన్ వాసన. 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సైన్యానికి ఆస్ట్రేలియా గుర్రాలు ఓడల్లో వచ్చేవి. గుర్రాలను దించి తిరిగి వెళ్లిన ఓడల్లోనే ఈ మామిడి టెంకలు భారతదేశం నుంచి బోవెన్ చేరాయని అక్కడ నమ్ముతారు. ఏ రాష్ట్రపు తోటలోదో, ఏ రకమో జాడ లేదు. బంగినపల్లి వాళ్లూ, రత్నగిరి వాళ్లూ తలా ఒక వాటా అడగడానికి అభ్యంతరం లేదన్నమాట.

అన్ని బొమ్మలకూ ఇంత అదృష్టం లేదు. టారీ పట్టణంలో 1990లో కట్టిన రాక్షస ఆల్చిప్ప పర్యాటకులను లాగలేకపోయింది. దాని కింది భవనంలో ఇప్పుడు కార్ల షోరూమ్ నడుస్తోంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కింగ్‌స్టన్‌లో 1979 నుంచి నిలబడ్డ 17 మీటర్ల లాబ్‌స్టర్ ముద్దుపేరు లారీ. మీసాలు, కాళ్లు, తోక మడతలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఈ తరహా బొమ్మల్లో పనితనం దీనిదేనని మెచ్చుకునేవారు ఎక్కువ. 2020 నవంబరులో చైనా రాజకీయ కక్షతో ఆస్ట్రేలియా లాబ్‌స్టర్‌ను ఆపేసినప్పుడు ఆ తీరపు బోట్లకు దాదాపు ఒక్కటే మార్కెట్ ఉందన్న సంగతి బయటపడింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది. ఆ నాలుగేళ్లూ లారీ ముందు ఫొటోలకు మాత్రం లోటు రాలేదు.

రొయ్యకు ఉరిశిక్ష

తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం బలైనాలోని రొయ్య. రిచ్‌మండ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ రేవు పట్టణానికి రొయ్యల వేట పాత జీవనాధారం. 1980ల చివర్లో పసిఫిక్ హైవే మీద ఒక పెట్రోలు బంకు, దుకాణాల సముదాయం పైకప్పు మీద ఈ తొమ్మిది మీటర్ల రొయ్యను కూర్చోబెట్టారు. గోల్‌బర్న్ పొట్టేలునూ, టారీ ఆల్చిప్పనూ పెట్టించిన మొకానీ సోదరులే దీన్నీ పెట్టించారు. ఊరికొక జంతువు, దాని కింద పెట్రోలు బంకు... వాళ్ల వ్యాపార సూత్రం అంతే. పైకప్పు మీద చోటు చాలకనో ఏమో రొయ్యకు తోక పెట్టలేదు.

వ్యాపారం పడిపోయింది. రంగు వెలిసి, పగుళ్లిచ్చి రొయ్య చూడలేని స్థితికి వచ్చింది. 2009లో స్థానిక కౌన్సిల్ దాన్ని కూల్చేయడానికి అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా దాన్ని చూసి నవ్వుకున్న ఊరు ఒక్కసారిగా అడ్డం తిరిగింది. సంతకాల సేకరణలు జరిగాయి, పత్రికలకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. చివరికి ఆ స్థలంలో దుకాణం పెట్టిన బన్నింగ్స్ అనే హార్డ్‌వేర్ కంపెనీ 2013లో దాదాపు 4 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి రొయ్యను బాగు చేయించింది. పైకప్పు మీద నుంచి దించి కార్ల పార్కింగ్ పక్కన నిలబెట్టింది. ఇన్నేళ్లకు రొయ్యకు తోక కూడా మొలిచింది.

బొమ్మ కోలుకున్నాక అసలు రొయ్యకు రోగం వచ్చింది. 2016 చివర్లో బ్రిస్బేన్‌కు దక్షిణాన లోగన్ నది ఒడ్డు చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ బయటపడింది. చెరువు తర్వాత చెరువు తుడిచిపెట్టుకుపోయింది. నెల్లూరు, భీమవరం రైతులకు ఈ పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1994-95లో ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్య చెరువులను ఊడ్చేసి, నగలు కుదువపెట్టి చెరువులు తవ్వినవాళ్లను రోడ్డున పడేసింది ఆ తెల్లమచ్చే. ఆ దెబ్బ నుంచి తేరుకుని, 2009లో అనుమతి వచ్చిన వనామీ రకంతో ఆంధ్రప్రదేశ్ దేశంలోకెల్లా పెద్ద రొయ్యల రాష్ట్రంగా నిలబడింది.

ఆస్ట్రేలియా రైతుల వేలు మాత్రం ఆసియా వైపు తిరిగింది. దిగుమతైన పచ్చి రొయ్యలను కొందరు గాలానికి ఎరగా వాడారనీ, వైరస్ అలాగే నదిలో చేరిందనీ వాళ్ల ఆరోపణ. 2017 జనవరిలో ఆస్ట్రేలియా పచ్చి రొయ్యల దిగుమతిని నిలిపేసింది. ఆరు నెలల తర్వాత అనుమతించినా పరీక్షలు, నిబంధనలు బిగించింది.  2022లో వైరస్ బలైనాకు దక్షిణాన క్లారెన్స్ నది పక్కన చెరువులకు పాకింది. 2023లో ఆ పరిధి నుంచి పచ్చి రొయ్యల తరలింపుపై ఆంక్షలు పడ్డాయి. చెరువుతో సంబంధం లేని నదీ జాలర్లు కూడా పట్టిన రొయ్యను ఉడకబెట్టకుండా బయటికి పంపలేని పరిస్థితి. ఎరగా అమ్ముకునే చిన్నచిన్న జాలర్లే ఎక్కువ నష్టపోయారు.

మరోవైపు 2025 ఆగస్టులో భారత సరుకుపై అమెరికా సుంకాలు 50 శాతానికి ఎగబాకాయి. ఆంధ్ర రొయ్యకు ప్రధాన మార్కెట్ అదే కావడంతో ఎగుమతిదార్లు కొత్త గుమ్మాలు తట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియా పర్యటనలో ఉన్న ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్, భారత రొయ్యకు ఆ దేశం తొలి దిగుమతి అనుమతి ఇచ్చిందని ప్రకటించారు. గోదావరి జిల్లాల చెరువు గట్ల మీద అది మంచి కబురు. క్లారెన్స్ ఒడ్డున రొయ్యల బోటు నడిపేవాడికి అదే కబురు వేరేలా వినిపిస్తుంది. ఇద్దరినీ దెబ్బతీసింది ఒకే వైరస్, ఒకరి ధరకు గండి పడేది రెండోవాడి సరుకుతో.

బలైనా రొయ్య మాత్రం హార్డ్‌వేర్ దుకాణం ముందు తల ఎత్తి, కొత్త తోక మడుచుకుని నిలబడే ఉంది. దాని నీడలో కార్లు ఆగుతాయి, పిల్లలు దిగి ఫొటోలు దిగుతారు, పెద్దలు లోపలికి వెళ్లి మేకులు, రంగు డబ్బాలు, తోట పైపులు కొనుక్కుని వస్తారు. రొయ్యలు కావాలంటే మాత్రం ఇంకో దుకాణం వెతుక్కోవాలి.